నల్లి కథ: హోసూరు, కృష్ణగిరి సీమల గృహచరిత్రలో ఒక పుట

దేశచరిత్ర వ్రాయువారు కోటలను, శాసనములను, పాళెగాండ్ర వంశావళులను వెదకుదురు. హోసూరు, కృష్ణగిరి సీమల తెలుగువారికి అట్టి సామగ్రికి కొదువ లేదు. 1792లో బారామహలు, 1799లో హోసూరు సీమ కుంపిణీవారి వశమైన వృత్తాంతము మనకు తెలియనిది కాదు. కాని మనుష్యుడు తన ఆయుస్సులో ఇంచుమించు మూడవ వంతు మంచముమీదనో చాపమీదనో గడపును. ఆ మంచమునకును ఒక చరిత్ర కలదు. దానిలో తరతరములుగా మనతో కాపురముండిన నల్లికిని ఒక చరిత్ర కలదు.

ఇట్టి విషయము గౌరవప్రదమైన సంచికలో నేల యని కొందరు ముక్కున వ్రేలు వేసికొనవచ్చును. మన యిండ్లలో దోమను గూర్చి చుట్టములయెదుట మాటాడుదుము. చీమలను గూర్చి, ఎలుకలను గూర్చి మాటాడుదుము. నల్లి మాట వచ్చినప్పుడు మాత్రము గొంతు తగ్గింతుము. ఈ గొంతు తగ్గించుటయే నన్నీ వ్యాసమునకు పురికొల్పినది. నల్లి కుట్టుటవలన కలిగిన బాధకంటె, నల్లిని దాచుటవలనను, దానిని చంపబోయి మనము చేసికొన్న పనులవలనను కలిగిన బాధయే హెచ్చని నా యభిప్రాయము.

హోసూరు వీథిలో ఈ పురుగునకు మూడు పేర్లు. మనము నల్లి యందుము. కన్నడిగులు తిగణె యందురు. తమిళులు మూట్టైపూచ్చి యందురు. మూడు భాషలు ఒకే అరుగుమీద వినవచ్చు ఈ సీమలో పిల్లవాడు మూడు పేర్లతోను దానిని తిట్టగలడు. తమిళపు పేరు వినగానే మనకు మూట జ్ఞాపకమునకు వచ్చును. ఆ స్ఫురణ యుచితమైనదే. నల్లికి ఎగురుటకు రెక్కలు లేవు. పేనువలె మనుష్యుని యొడలిని అంటిపెట్టుకొని యుండదు. ఈగవలె పెంటపై వ్రాలదు. అది మూటతో వచ్చును, పరుపుతో వచ్చును, పెట్టె సందులో దాగి వచ్చును. మనుష్యుడు సామాను మోసికొని పోవుచున్నంత కాలము దానికి బండి సిద్ధముగనే యుండును.

సంస్కృతమున దీనికి మత్కుణమని పేరు. మనుస్మృతి ప్రాణులను వర్గములుగా విభజించుచు దోమ, పేను, ఈగలతోపాటు మత్కుణమును స్వేదజములలో, అనగా చెమటవలన, ఉక్కవలన పుట్టువానిలో చేర్చినది. ఈ యభిప్రాయము మనదేశమునకే పరిమితము గాదు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు సైతము జంతువుల శరీరమునుండి వెలువడిన తేమనుండి నల్లులు జనించునని వ్రాసెను. సూక్ష్మదర్శిని లేని కాలమున అట్లు తలచుటలో వింత లేదు. చిక్కు వచ్చినది వేఱొకచోట. చెమటనుండి, మురికినుండి నల్లి పుట్టునన్నచో నల్లియున్న యింటి యిల్లాలు మురికిది యని తేలును. శాస్త్రము ఆ మాటను ఎన్నడో విడిచిపెట్టినను లోకము విడువలేదు. నిజమునకు ఆడునల్లి గ్రుడ్లు పెట్టును. చీలికలలో అంటించిన ఆ తెల్లని గ్రుడ్లు వారము పదిదినములలో పొదుగబడును. పిల్ల అయిదు పర్యాయములు కుబుసము విడిచి పెద్దదగును; ప్రతి పర్యాయమునకును దానికి ఒకసారి రక్తము కావలెను. దానికి కావలసినది మన నెత్తురేగాని మన మురికి కాదు. కడిగి ముగ్గుపెట్టిన యింటిలోను, కడుగని యింటిలోను అది సమానముగా జీవించును. చెత్త యెక్కువగానున్న యింటిలో దాగుటకు తావులు హెచ్చు, భేదమంతమాత్రమే.

మన పూర్వులు దీని నడవడిని చక్కగా గమనించియుండిరనుటకు పంచతంత్రములోని మిత్రభేదమే సాక్ష్యము. రాజుగారి దుప్పటిలో చిరకాలముగా నివసించుచున్న మందవిసర్పిణియను పేనునొద్దకు అగ్నిముఖుడను నల్లి అతిథియై వచ్చును. రాజు నిద్రపోవువరకు ఓపిక పట్టుమని పేను వేడుకొన్నను వినక కుట్టును. సేవకులు వచ్చి పక్కను వెదకుసరికి నల్లి మంచపు సందులో దూరిపోవును; పేను దొరకిపోయి చచ్చును. నీతి మాట యటుంచి, ఇందలి పరిశీలన యెంత నిశితమో చూడుడు. పేను బట్టలో నుండును, నల్లి కొయ్య సందున నుండును. బట్ట దులిపినంతమాత్రమున నల్లి పోదు. నేటి కీటకశాస్త్రజ్ఞులు చెప్పునదియు నదియే.

తెలుగువారికి మఱింత చేరువైన సాక్ష్యము సుమతీ శతకమున నున్నది. అల్పుని సహవాసమువలన మేలైనవానికి కీడు కలుగుననుటకు అందు చూపిన దృష్టాంతము నల్లియు మంచమును. కుట్టినది నల్లి, శిక్ష మంచమునకు. ఈ పోలిక శ్రోతకు వెంటనే బోధపడవలెనన్న, నల్లి కారణముగా మంచమును బాదుట, కాచిన నీళ్ళు పోయుట ఆనాడు ప్రతి యింటి వాడుకయై యుండవలెను. నీతి చెప్పుటకు వ్రాసిన పద్యము మనకు గృహచరిత్రకు ఆధారమైనది. దేవతలు కొండలకును, ఆకసమునకును, పాముపడకకును పోయినది నల్లులకు జడిసియే యని చమత్కరించిన చాటువు కూడ మనవారందరు ఎఱిగినదే. దేవతలకే తప్పలేదని నవ్వుకొన్న ఆ కాలమున ఈ విషయమున ఇప్పటియంత సిగ్గు ఉండలేదనుకొందును.

మంచమునకు ఏమి శిక్ష పడెడిదో కొంచెము వివరముగా చెప్పవలెను; ఏలయన ఆ పనిని చేసి చూపగలవారు ఇప్పుడు అరుదగుచున్నారు. నులకమంచమునకు నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. కోటికి తొలిచిన బెజ్జములో పట్టె కొన దూరును. ఆ బెజ్జము లోపలి చీకటి నల్లికి అంతఃపురము. నులక పేటల నడుమ, పట్టెకు నులక చుట్టిన మడతలో, పాదములవైపు బిగించిన త్రాటి ముడిలో అది గుంపులుగా నుండును. ఎండ బాగుగా కాయు దినమును చూచి, మంచమును పెరటిలోనికి తెచ్చి, నులకను సడలించి, ఒక్కొక్క కోటిని నేలకు తాటించెడివారు. రాలిన నల్లులను కోళ్ళు ఏరుకొని తినెడివి. పిల్లలు చీపురుపుల్లలు పట్టి సందులను పొడిచెడివారు. పిమ్మట స్త్రీలు కాగులలో మరగుచున్న నీటిని తెచ్చి బెజ్జములలో పోసెడివారు. ఉడుకునీరు తగిలినచోట పెద్ద నల్లియు, పిల్లయు, గ్రుడ్డును ఒక్కసారిగా చచ్చును. తరువాత మంచమును సాయంకాలమువరకు ఎండనుంచి, నులకను మరల బిగించి, గోడ చీలికలను సున్నముతో పూడ్చెడివారు. కొందరు వేపాకును, వావిలాకును పక్కక్రింద పఱచుటయు, వసకొమ్ము పొడి చల్లుటయు కలదు. వీనిలో పని చేసినది ప్రధానముగా ఉడుకునీరును, సున్నమును. ఆకులవలన నల్లి కొంత జంకునేమోగాని చావదు. కిరసనాయిలు ఊరూర దొరకుట మొదలైన పిమ్మట కోడియీకతో దానిని సందులకు పూయుట వాడుకయ్యెను. తగిలిన నల్లి చచ్చెడిది. తగులనిది మఱునాటి రాత్రికి వచ్చెడిది. దీపము చేతబట్టి పూయుటవలన ఇల్లంటుకొను భయము అదనము.

ఈ పనియందు ఒక లోపము కలదు. ఇది ఒక దినముతో ముగియునది కాదు. మిగిలిన గ్రుడ్లు పొదుగబడునంత కాలము, అనగా పదునైదు దినముల కొకసారిగా రెండు మూడు పర్యాయములు చేసినగాని ఫలము లేదు. పండుగకు ముందు ఒకసారి చేసి మానినవారింట అవి సంక్రాంతికి పోయి ఉగాదికి వచ్చెడివి.

వేడిని గూర్చి మన సీమకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పవలెను. నల్లి యేబది డిగ్రీల సెంటిగ్రేడు వేడికి నిమిషములలో చచ్చును. గ్రుడ్లకు నలుబది యెనిమిది డిగ్రీలలో గంటకు పైగా పట్టును. కృష్ణగిరి గుట్టల నడుమ బండలు కాలు చైత్రవైశాఖముల యెండలో నేలపై పఱచిన పలుచని చాప ఆ వేడిని అందుకొనవచ్చును. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తుననున్న చల్లని మిట్ట. కృష్ణగిరి దానికంటె వెయ్యి అడుగులకు పైగా క్రింద నున్నది. కనుక కృష్ణగిరి పెద్దమ్మ ఎండబెట్టి సాధించినదానిని హోసూరు కోడలు ఎండబెట్టి సాధింపలేకపోయినచో తప్పు కోడలిది కాదు. అందును దట్టమైన పరుపు పైభాగము కాలినను అడుగుభాగము చల్లగనే యుండును. నల్లి అటు ప్రాకిపోవును. హోసూరున ఎండను నమ్ముకొనుటకంటె ఉడుకునీటిని నమ్ముకొనుట మేలు.

ఇరువదవ శతాబ్దారంభమున నల్లికి ఒక పెద్ద యపవాదు వచ్చిపడినది. అది వచ్చినది మన చెన్నపట్టణముననే. 1903లో మద్రాసు వైద్యకళాశాల ఆచార్యుడు చార్లెస్ డోనవాన్ కాలా అజారు రోగుల ప్లీహమునందు ఒక సూక్ష్మజీవిని కనుగొనెను. అదే సంవత్సరము లీష్మన్ అనునతడును దానినే వర్ణించుటచే దానికి వారిద్దరి పేరులును కలిసినవి. ఆ జీవి రోగినుండి మఱియొకనికి ఎట్లు పోవుచున్నది? గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటులో పనిచేసిన ప్యాటన్ అను సైనిక వైద్యుడు నల్లి కడుపులో అది పెరుగుటను చూచి 1907లో ప్రకటించి, నల్లియే దోషి యని వాదించెను. వాదము చాలకాలము నడచినది. కడపట 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అను మువ్వురు, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన మనుష్యులపై చేసిన ప్రయోగములతో, ఆ రోగమును వ్యాపింపజేయునది ఇసుక యీగ యని స్థాపించిరి. నల్లి నిర్దోషియై బయటపడినది. నేటివరకు ఏ రోగమునైనను నల్లి సహజముగా మనుష్యులకు అంటించుచున్నదని రుజువు కాలేదు. అది చేయు కీడు నిద్రాభంగము, దురద, గోకుటవలన పుండ్లు, మితిమీరి యున్నచోట పసిపిల్లలకు రక్తహీనత. ఇవి చిన్న కష్టములని చెప్పుట లేదు. వీనికి భయపడి ఇంటిలో విషము నింపవలసినంతటివి కావని మాత్రము చెప్పుచున్నాను.

ఆ కాలముననే మన సీమకు పొగబండి వచ్చినది. తిరుపత్తూరునుండి కృష్ణగిరికి 1905లోను, మొరప్పూరునుండి ధర్మపురికి 1906లోను 2 అడుగుల 6 అంగుళముల సన్నని పట్టాలు పడినవి. ధర్మపురి దారి తరువాత హోసూరువరకు సాగెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమునకు ఈ రెండు దారులును మూతపడినవి. మూడవ తరగతి పెట్టెల చెక్కబల్లలు దేశమంతట నల్లులకు పేరుపడినవి. బల్ల సందునుండి పంచె మడతలోనికి, పంచె మడతనుండి ఇంటి మంచమునకు ప్రయాణము సుకరమయ్యెను. పిమ్మట మోటారు బస్సుల మెత్తలును, సినిమాహాళ్ళ కుర్చీలును ఆ పనిని కొనసాగించినవి. బెంగుళూరు దగ్గరలో నుండుటచే మనవారి రాకపోకలు హెచ్చు. చదువునకు పోయిన పిల్లవాడు సెలవులకు పరుపుచుట్టతో ఇంటికి వచ్చును. పెళ్ళియైన పిల్ల సారెతోపాటు మంచమును, పరుపును తీసికొనిపోవును. వియ్యపురాలింటికి నల్లి వెళ్ళినచో అది యెవరి పుట్టింటిదను వాదము కొన్ని యిండ్లలో నల్లికంటె ఎక్కువ కాలము జీవించినది.

ఇంతలో డి.డి.టి. వచ్చెను. స్విట్జర్లాండు దేశస్థుడగు పాల్ మ్యూలర్ 1939లో దాని కీటకనాశక శక్తిని కనుగొని 1948లో నోబెల్ బహుమానము నందెను. మనదేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమయ్యెను; 1955లో ఢిల్లీలో ప్రభుత్వపు డి.డి.టి. కర్మాగారము ఉత్పత్తి ప్రారంభించెను. 1958లో నియంత్రణము పోయి నిర్మూలనము లక్ష్యమయ్యెను. భుజమున పంపు తగిలించుకొన్న మనుష్యులు పల్లెపల్లెకు వచ్చి గోడలకు చదరపు మీటరుకు ఒక గ్రాము చొప్పున మందు పట్టించి, గోడమీద తేదీ వ్రాసి పోయెడివారు. 1953 ప్రాంతమున దేశమున సాలుకు 7.5 కోట్లుగా అంచనా వేసిన మలేరియా రోగుల సంఖ్య 1965 నాటికి సుమారు ఒక లక్షకు దిగినది. ఇంతటి మేలు చేసిన మందును నిందించుట న్యాయము గాదు.

అయితే పల్లెజనము ఆ పంపువారిని ఆదరించుటకు మలేరియా యొక్కటే కారణము కాదు. మందు కొట్టిన రాత్రి నల్లులు చచ్చెడివి. దోమ చచ్చినదో లేదో ఎవరికి తెలియును? నల్లి చచ్చినది పక్కమీదనే కనబడును. గృహిణికి అదియే ప్రత్యక్ష ప్రమాణము. కాని ఈ సంతోషము కొద్ది యేండ్లే. 1947లోనే హవాయి దీవులలోని పెర్ల్ హార్బరు నౌకాస్థావరమున డి.డి.టి.కి చావని నల్లులు కనబడినవి. 1950ల చివరికి మనదేశమునను అట్టివి తలయెత్తినవి. మందునకు అలవాటుపడిన నల్లి చావకపోగా, ఆ మందు రేగగొట్టుటచే పగలే బయటికి వచ్చి తిరుగుట మొదలుపెట్టెను. పంపువారు వచ్చిన పిదప నల్లులు హెచ్చినవని జనము నమ్మిరి. మలేరియా పనిచేసిన పెక్కు దేశములలో తలుపులు మూసి పంపువారిని త్రిప్పి పంపిన వారి ఫిర్యాదు ఇదియే. దోమ పైని సాగిన యుద్ధమునకు నల్లి అడ్డుపడినదన్నమాట.

మన సీమలో దీనికి మఱియొక చిక్కు కలదు. హోసూరు, డెంకణికోట, తళి ప్రాంతములలో మల్బరీ వేసి పట్టుపురుగులను పెంచు కుటుంబములు పెక్కు. పట్టుపురుగు మిక్కిలి సుకుమారమైన ప్రాణి. ఇట్టి మందుల గాలికే చచ్చును. మనుష్యులు పండుకొను కప్పుక్రిందనే పురుగుల తట్టలు, చంద్రికలు ఉన్న యింటిలో నల్లికని మందు చల్లుట అన్నము పెట్టు పంటను చేతులార చంపుకొనుటయే. ఒక పురుగును చంపుటయు, ఒక పురుగును బ్రతికించుటయు ఒకే కప్పుక్రింద జరుగవలెను! అట్టి యిండ్లవారు ఉడుకునీటిని, సున్నమును విడువకుండుట ఛాందసమువలన గాదు, లెక్క తెలిసినందువలన.

డి.డి.టి. పిమ్మట గమాక్సిను పొడి వచ్చెను. దానిని పరుపుక్రింద చల్లి పసిబిడ్డలను పైన పండుకొనబెట్టినవారు లేకపోలేదు. 1997లో మనదేశమున ఆ మందు నిషేధింపబడినది. డి.డి.టి.ని వ్యవసాయమునకు 1989లోనే నిషేధించి, రోగవాహక కీటకములపైననే వాడనిచ్చిరి. చిన్న సీసాలలో అమ్మిన మఱికొన్ని మందులు నల్లులతోపాటు మనుష్య ప్రాణములను కూడ తీసినవి. 1990ల చివరనుండి ప్రపంచమంతట నల్లి మరల విజృంభించుట మనము వార్తలలో చదువుచునే యున్నాము. న్యూయార్కు, ప్యారిస్ నగరముల హోటళ్ళు సైతము తప్పించుకొనలేదు. పైరెత్రాయిడు వర్గపు క్రొత్త మందులకును అది అలవాటుపడుటయే ఇందుకు ముఖ్యకారణము. 1970ల నుండి హోసూరున పారిశ్రామికవాడ పెరిగి, నానాదేశములనుండి పనివారు వచ్చి, ఒక గదిలో నలుగురైదుగురు కాపురముండుటయు, మంచములు, పరుపులు చేతులు మారుటయు సామాన్యమైనది. అందుచే నల్లి అక్కడి గదులకు వచ్చినచో పనివారిని నిందించుట పాపము. అది మన తాతల కాలమున పొగబండి ఎక్కినట్లే ఇప్పుడు సెకండుహాండు మంచమెక్కినది.

ఇప్పుడు నాకు నిజముగా భయము కలిగించు విషయము చెప్పెదను. ధాన్యపు గిడ్డంగులలో పురుగులకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలను కొందరు నల్లులకని గదులలో ఉంచుచున్నారు. తేమ తగులగానే అవి ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. ఆ వాయువు తలుపు సందులగుండ, గోడ చీలికలగుండ ప్రక్కగదికి, పై యంతస్తునకు ప్రాకును. దానికి విరుగుడు మందు లేదు. మన దేశపు నగరములలో పలుమార్లు దీనివలన పిల్లలు నిద్రలోనే అస్వస్థులై మరణించిరి. చట్టము ఈ మాత్రలను శిక్షణ పొందినవారికి తప్ప అమ్మరాదని చెప్పుచున్నది. అంగడిలో మాత్రము అడిగినవారికి దొరకుచున్నవి. పెక్కుచోట్ల ఇది జరుగుటకు మూలము సిగ్గే. నల్లులున్నవని ఇంటి యజమానికిగాని, ప్రక్కవాటా వారికిగాని చెప్పుటకు మొగమాటపడి, ఎవరికిని తెలియకుండ ఒక రాత్రిలో వదిలించుకొనవలెనని తెలియని చేతులకు పని అప్పగింతురు. ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొన్న సామెత ఇక్కడ అక్షరాల నిజమగుచున్నది. చెప్పియున్నచో నాలుగు వాటాలవారును ఒకే దినమున మంచములు బయటవేసి పని ముగింపగలిగియుందురు. ఒక వాటాలో తరిమిన నల్లి గోడ దాటి ప్రక్కవాటాకు పోవుననుట అందరెఱిగినదే.

క్రొత్త శాస్త్రము చెప్పు పద్ధతియు తుదకు మంచమువద్దకే వచ్చుచున్నది. బట్టలను, దుప్పట్లను అరువది డిగ్రీల ఉడుకునీటిలో ఉదుకవలెను. ఉదుకరానివానిని, మైనస్ పదునెనిమిది డిగ్రీల చల్లదనము గల పెట్టెలో నాలుగు దినములుంచవలెను. మంచపు సందులకు ఆవిరి పట్టించు యంత్రములు వచ్చినవి. అవి లేనివారికి కాగు, చెంబు చాలును. పరుపునకు నల్లి దూరని సంచి తొడిగి కుట్టివేయుట మేలు. పాతమంచము కొన్నచో ఇంటిలోనికి తేకముందే వాకిట కోళ్ళు ఊడదీసి చూడవలెను. నల్లి తిండి లేక నెలల తరబడి బ్రతుకును. చల్లని తావున ఇంకను ఎక్కువ. కావున ఇల్లు రెండు నెలలు తాళము వేసి పోయినచో అవి చచ్చునని నమ్మి, తిరిగివచ్చి ఆ మంచముమీదనే మేను వాల్చుట ఎవరికిని తగదు. హోసూరు చలిలో అసలే తగదు.